ఆడనిచ్చారు సరే, కెప్టెన్సీ ఇచ్చారా?

కామాఠిపుర చాళ్ల నుంచి మెరైన్ లైన్స్‌కు వెళితే హిందూ, ఇస్లాం, పార్సీ జింఖానాలు వరుసగా కనిపిస్తాయి. ఒకప్పుడు బొంబాయి క్రికెట్‌లో మతానికో జట్టు ఉండేది. అంటరానితనం పాఠం వచ్చినప్పుడు మేము పిల్లలకు ఆ మైదానాల కథే చెబుతాం.

పల్వంకర్ బాలూ దళితుడు. పుణెలో ఆయన వేసిన బంతిని అందరూ ముట్టుకునేవారు. టీ మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, మట్టి పాత్రలో ఇచ్చేవారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. మన సి.కె. నాయుడు ఆడిందీ ఆ హిందూ జట్టుకే.

అమెరికా బేస్‌బాల్‌లో నల్లజాతివారికి వేరే లీగులుండేవి. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున ఆడి ఆ అడ్డుగోడ దాటారు. అయినా పెద్ద లీగులో ఒక జట్టును నడిపే మేనేజర్ పదవి నల్లజాతీయుడికి దక్కింది 1975లోనే. ఆయన ఫ్రాంక్ రాబిన్సన్.

ఆడనివ్వడం ఒకటి, పెత్తనం ఇవ్వడం మరొకటి. మన గల్లీ జట్టులో కెప్టెన్ ఎప్పుడూ ఎవరవుతున్నారు? ఎప్పుడూ బంతి ఏరుకొచ్చేది ఎవరు? పిల్లలను ఈ వారం ఇదే అడుగుదాం.