పిట్ట కొంచెం... పయనం ఘనం!

దాని బరువు సుమారు 60 కిలోలు. అంటే, ఓ మనిషంత! అంత చిన్న ఇంజిన్‌ని నమ్ముకుని ఎడారులూ సముద్రాలూ దాటేశారు 1930ల నాటి కుర్రకారు. ఆ కథలో మన ఢిల్లీకీ అస్సాంకీ కూడా చోటుంది.

1933లో వైస్రాయ్ కప్ విమాన పందెం కోసం ఇంగ్లండ్ నుంచి ఢిల్లీకి బయల్దేరాడు ఇరవై మూడేళ్ల రిచర్డ్ షటిల్‌వర్త్. తోడు మిత్రుడు జార్జ్ స్టెడ్. ఇద్దరివీ చెరో కాంపర్ స్విఫ్ట్ విమానం. స్విఫ్ట్ అంటే వేగంగా ఎగిరే ఓ పిట్ట. పేరుకు తగ్గట్టే రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 24 అడుగులే. కూర్చునేది ఒక్కరే. వేగం మాత్రం గంటకు 225 కిలోమీటర్ల దాకా!

ఆ వేగం వెనకున్నది డగ్లస్ పాబ్‌జాయ్ తయారుచేసిన ఇంజిన్.

పూరేకుల్లా సిలిండర్లు

మధ్యలో ఇరుసు, దాని చుట్టూ పూరేకుల్లా ఏడు సిలిండర్లు... ఇదే రేడియల్ ఇంజిన్. ఒక్కో సిలిండరూ దాదాపు 400 సీసీ, మోటార్‌సైకిల్‌కి ఉండేంత. ఎదురుగాలే వాటిని చల్లబరుస్తుంది. రేడియేటరూ నీళ్లూ అక్కర్లేదు కాబట్టి బరువూ తక్కువే.

కానీ చిన్న ఇంజిన్ నుంచి శక్తి రావాలంటే దాన్ని చాలా వేగంగా తిప్పాలి. అదే వేగంతో ప్రొపెల్లర్ కూడా తిరిగితే శక్తి వృథా. అందుకే పాబ్‌జాయ్ మధ్యలో పళ్లచక్రాలు పెట్టాడు. ఇంజిన్ నిమిషానికి మూడువేల పైచిలుకు చుట్లు తిరిగితే, ప్రొపెల్లర్ అందులో సగంకన్నా తక్కువే తిరుగుతుంది. 75 హార్స్‌పవర్ అలా సాధ్యమైంది. 1931లో ఆర్థర్ బట్లర్ ఇలాంటి స్విఫ్ట్‌లోనే ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కి తొమ్మిది రోజుల చిల్లరలో చేరి రికార్డు సృష్టించాడు.

అస్సాం నుంచి ‘ఎర్ర దేవత’

ఢిల్లీ పందెంలో మరో స్విఫ్ట్ కూడా ఉంది. అస్సాంలోని సిల్చార్‌కి చెందిన టీ ప్లాంటర్ అల్బన్ అలీ ముచ్చటపడి తెప్పించుకున్నదది. పేరు ‘స్కార్లెట్ ఏంజెల్’. పందెం ముగిశాక అదే ఏడాది ఇంగ్లండ్‌లో జరిగే కింగ్స్ కప్ కోసం దాంతో బయల్దేరాడాయన. ఆ తర్వాత అది అక్కడే ఉండిపోయింది.

షటిల్‌వర్త్ కథ మాత్రం విషాదం. 1940లో బ్రిటిష్ వైమానిక దళంలో రాత్రిపూట శిక్షణలో ఉండగా విమానం కూలి చనిపోయాడు. అప్పటికి పెళ్లి కూడా కాలేదు. తల్లి డొరొతీ 1944లో కొడుకు జ్ఞాపకంగా ఓ ట్రస్టు పెట్టింది. అతను సేకరించిన పాత విమానాలు, కార్లే అందులో తొలి ఆస్తి. ఓల్డ్ వార్డెన్‌లోని ఆ సంగ్రహాలయానికి కొన్ని దశాబ్దాల తర్వాత ఓ ఎర్రటి చిన్న విమానం వచ్చి చేరింది.

అది మరేదో కాదు... ఢిల్లీ పందెంలో అతని విమానంతో పోటీపడిన సిల్చార్ స్విఫ్టే!