తల్లి చిలుకకు పరీక్ష

హిందూపురంలో రైలెక్కి పెనుకొండ మీదుగా ధర్మవరం చేరేలోపల పట్టుచీర కథ దాదాపు పూర్తవుతుంది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, దారిపొడుగునా అక్కడక్కడ మల్బరీ తోటలు, ధర్మవరంలో మగ్గాలు. ఈ కథలో కంటికి కనబడని ఘట్టం ఒకటుందని, తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు చాలాకాలం తెలియదు.

పెనుకొండ దగ్గర పల్లెలో మా మేనమామ పురుగులు పెంచేవాడు. ఒక పంటకు, చవకగా వస్తున్నాయి గదా అని పరీక్ష లేని గుడ్లు తెచ్చాడు. మూడో జ్వరం నాటికి (పురుగు మేత మాని పొర విడిచే నిద్రను రైతులు జ్వరమనే అంటారు) ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒంటిమీద మిరియాలపొడి చల్లినట్టు మచ్చలు. తట్టలకు తట్టలు గోతిలో పోసి సున్నం చల్లారు. తాకట్టులో ఉన్న అత్తయ్య గాజులు ఆ ఏడు ఇంటికి రాలేదు.

ఈ తెగులు పేరు పెబ్రిన్. దక్షిణ ఫ్రాన్సు మాండలికంలో మిరియానికున్న పేరునుంచే వచ్చింది. అక్కడి పట్టు పరిశ్రమను ఇది నేలమట్టం చేస్తూంటే, 1865లో లూయీ పాశ్చర్‌ను పంపారు. ఆయనకు అప్పటికి పట్టుపురుగుల సంగతే తెలియదు! తెగులు తల్లినుంచి గుడ్డులోకి దిగుతుందని, గుడ్డులో కంటే తల్లి చిలుకలోనే దాన్ని సులువుగా పట్టవచ్చునని ఆయన తేల్చాడు. ఒక్కో చిలుకచేత విడిగా గుడ్లు పెట్టించి, ఆపైన దాన్ని నూరి, ఆ రసం చుక్కను సూక్ష్మదర్శినిలో చూడాలి. నేటికీ పద్ధతి అదే.

సూక్ష్మదర్శిని అంటే వస్తువును పెద్దది చేసేదనే మనం అనుకుంటాం. అసలు పని విడదీసి చూపడం. రాత్రిపూట దూరాన వచ్చే లారీ దీపాలు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. దగ్గరికొస్తేగాని రెండు కావు. కటకాలు మనల్ని అలా దగ్గరికి తీసుకుపోతాయి. వెలుగు అలల రూపం గనుక దానికీ ఒక హద్దుంది. 1873లో జర్మనీలో ఎర్న్‌స్ట్ ఆబె ఆ హద్దుకు లెక్క కట్టాడు: సుమారు మిల్లీమీటరులో ఐదువేలవ వంతు. పెబ్రిన్ బీజం దానికి పదిహేను, ఇరవై రెట్ల పొడవు. అందుకే దొరికిపోతుంది.

గుడ్లు తయారుచేసే చోట ఒకసారి నన్నూ చూడనిచ్చారు. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తరువాత ఆరువందల రెట్ల పెంపులో, బియ్యపుగింజల్లా మెరిసే కోలబీజాలు. ఆ చిలుక పెట్టిన గుడ్లు నాలుగువందల పైచిలుకు. కాగితంతో సహా కాల్చడానికి పక్కన పెట్టేశారు. ఆ చిలుక పైకి నిక్షేపంలా ఉండిందట.

ఇదంతా మామకు చెబితే, తట్టలు కడుగుతూ విని, “ఆ అద్దం ఖరీదెంతరా?” అన్నాడు.