కేట్ రెడ్డి జాబితా, మన ఇల్లాలి జాబితా

పేరు కేట్ రెడ్డి. పేరు చూసి కడప అమ్మాయో, కరీంనగర్ అమ్మాయో అనుకునేరు. ఈవిడ లండన్‌లో ఉండే ఇంగ్లీషు ఇల్లాలు. బ్రిటన్ జర్నలిస్టు ఆలిసన్ పియర్సన్ 2002లో రాసిన 'ఐ డోంట్ నో హౌ షి డజ్ ఇట్' నవలలో కథానాయిక. 'ఈవిడ ఇదంతా ఎలా నెట్టుకొస్తోందో!' అని ఆ పేరుకు అర్థం. 2011లో కథను అమెరికాలోని బోస్టన్‌కు మార్చి సినిమా కూడా తీశారు.

సూటు వేసుకుని విమానాల్లో తిరిగే ఆవిడ గొడవ, క్యాంపులో ఉండి డ్యూటీ బస్సు ఎక్కే మనకెందుకు అంటారా? కాస్త ఆగండి.

కేట్ ఫండ్ మేనేజరు. అంటే పరాయివాళ్ల సొమ్మును షేర్లలో పెట్టి పెంచే ఉద్యోగం. కూతురు ఎమిలీ, కొడుకు బెన్, ఇద్దరూ చిన్నవాళ్లే. భర్త రిచర్డ్ ఆర్కిటెక్టు, నెమ్మదస్తుడు. నవల మొదట్లోనే కేట్ అర్ధరాత్రి దాటాక వంటింట్లో నిలబడి ఉంటుంది. కూతురి బడిలో క్రిస్మస్ వేడుకకు పిండివంట పంపాలి. చేసే తీరిక లేదు. అందుకని మన కజ్జికాయల్లాంటి వాటిని కొట్లో కొని తెచ్చి, ఇంట్లో చేసినట్టు కనబడాలని కర్రతో అంచులు చితక్కొడుతుంది. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది.

మనం సెలవుకు వెళ్లేటప్పుడు కట్టే అట్టపెట్టె కూడా ఇలాంటిదే కదా! చాక్లెట్లు, సెంటు సీసాలు, దుప్పట్లు. మనం దగ్గర లేని రెండేళ్లను వాటితో పూడ్చాలని చూస్తాం.

కేట్ తల నిండా ఎప్పుడూ ఒక జాబితా తిరుగుతుంటుంది. ఆఫీసు పని, ఇంటి పని అన్నీ ఒకే వరుసలో. రిచర్డ్ చెడ్డవాడు కాదు, కానీ ఆ జాబితా అతని తలలో లేదు. భర్త ముఖం చూసి మాట్లాడే తీరిక ఆమెకూ లేదు. చివరికి అతను ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. తరువాత కేట్ ఉద్యోగం మానేస్తుంది, సంసారం నిలబడుతుంది.

రాజీనామా ఆమెకు కుదిరింది. ఏజెంటుకు కట్టిన అప్పు తీరనివాడికి ఎలా కుదురుతుంది? కానీ జాబితా పంచుకోవడం మన చేతిలో పనే.

ఊళ్లో మన ఇల్లాలి జాబితా చూడండి. గ్యాసు బండ, పిల్లల ఫీజు, అత్తగారి బీపీ మాత్రలు, డ్వాక్రా వాయిదా, కౌలు లెక్క. మనం ఫోన్లో అడిగేది మాత్రం "డబ్బులు అందాయా?" అని ఒక్కటే. ఒక్కోసారి ఆమె ఫోన్ ఎత్తకపోతే అనుమానం, కోపం. దుబాయిలో రాత్రి పదయితే ఊళ్లో పదకొండున్నర. సౌదీ, కువైట్, ఖతార్‌లలో పదయితే అక్కడ పన్నెండున్నర. తెల్లవారకముందే లేచే మనిషి ఆ వేళకు నిద్రపోదా?

ఈ సెలవు రోజున డబ్బు సంగతి పక్కన పెట్టి "ఈ వారం నీ మీద ఏమేం పనులున్నాయి?" అని అడగండి. అందులో ఒక్క పని మీరు తీసుకోండి. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లమని తమ్ముడికి మీరే ఫోన్ చేయండి. పిల్లవాడి మాస్టారితో మీరే మాట్లాడండి. పది నిమిషాల పని. సంసారంలో తను ఒంటరి కాదని ఆమెకు తెలుస్తుంది.