బూడిద చల్లారేదాకా మంట మనదే
చలిమంటలు, భోగి మంటలు, వనభోజనాల పొయ్యిలు: అపోహలు – వాస్తవాలు

ధనుర్మాసం మొదలైతే విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో తెల్లవారుజామున ఏదో ఒక చోట చలిమంట కనిపించాల్సిందే. బొబ్బిలి, సాలూరు వైపు పల్లెల్లో రావిచెట్టు కింద, పట్టణంలో టీ బడ్డీ పక్కన, కళ్లంలో ధాన్యానికి కాపలా ఉన్న రైతు దగ్గర చలి కాచుకునేవాళ్లు ఉంటారు. భోగి నాడు వీధికొక మంట లేస్తుంది. కార్తీకమాసంలో తాటిపూడి రిజర్వాయరు చుట్టుపక్కల, రామతీర్థం కొండల దగ్గర వనభోజనాల పొయ్యిలు వెలుగుతాయి. అరకు, లంబసింగి వెళ్లే కుర్రకారు గుడారాల ముందు నెగడు వేసుకుని రాత్రంతా కబుర్లు చెప్పుకుంటారు.

చిన్నప్పటినుంచీ అలవాటైన పని కాబట్టే దాని గురించి విన్న మాటలను మళ్లీ సరిచూసుకోం. ఆ మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని ప్రాణాల మీదికి తెచ్చేవి. మంటలు మానేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మంట వేసినవాళ్లే అది చల్లారేదాకా దానికి బాధ్యులు అన్నదే నేను చెప్పదలచుకున్న మాట.

అపోహ 1: ఇసుకో మట్టో కప్పేస్తే మంట ఆరిపోయినట్టే.

వాస్తవం: మంట కనిపించకుండా పోతుంది, నిప్పు పోదు. ఇసుక, బూడిద వేడిని బయటికి పోనివ్వకుండా దుప్పటిలా కాపాడతాయి. కింద ఉన్న కణికలు గంటల తరబడి, పెద్ద దుంగలైతే మర్నాటిదాకా రగులుతూనే ఉంటాయి. పూసపాటిరేగ మండలం చింతపల్లి తీరంలోనో భీమిలి ఒడ్డునో రాత్రి మంట వేసి ఇసుక కప్పి వెళ్లిపోతే, పొద్దున్నే అటు వచ్చే పిల్లలకు అక్కడ నిప్పు ఉందని తెలిసే వీల్లేదు. చెప్పులు లేని కాళ్లు నేరుగా దానిమీదే పడతాయి.

ఆర్పడానికి నీళ్లే సరైన దారి. ముందు నీళ్లు పోయాలి, కర్రతో కలియబెట్టాలి, దుంగలను తిరగేసి అడుగున కూడా తడపాలి, మళ్లీ పోయాలి. బుసబుస చప్పుడు, ఆవిరి ఆగాక అరచేతి వెనక వైపు బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే పని ఇంకా మిగిలినట్టే. తాటి మొద్దు మంటలో వేస్తే మరీ జాగ్రత్త పడాలి. పైన ఆరినట్టు కనిపించినా లోపలి పీచులో నిప్పు చాలాసేపు దాగి ఉంటుంది.

అపోహ 2: కట్టెలు అంటుకోకపోతే కాస్త పెట్రోలు చల్లితే సరిపోతుంది.

వాస్తవం: మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. సున్నాకు 40 డిగ్రీల కింద ఉండే చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా పాకి మన కాళ్ల దాకా వస్తుంది. అగ్గిపుల్ల గీసేసరికి కట్టెలతో పాటు మనిషి చుట్టూ ఉన్న గాలీ భగ్గుమంటుంది. రగులుతున్న మంటమీద పోస్తే ధార వెంట నిప్పు వెనక్కి పాకి సీసాను అందుకుంటుంది. కిరోసిన్ కాస్త నిదానంగా ఆవిరైనా, వేడి కణికల మీద పోస్తే అదీ అంతే.

ఉత్తరాంధ్రలో మంట రాజేయడానికి పెట్రోలు అవసరమే లేదు. ఎండు కొబ్బరి పీచు, తాటాకు ముక్కలు, ఒక కర్పూరం బిళ్ల చాలు. వాటిమీద ఈనెలు, ఆపైన వేలంత పుల్లలు, అవి బాగా అంటుకున్నాక చేతి మందం కట్టెలు పేర్చాలి. కట్టె అంటుకోవడం లేదంటే సాధారణంగా అది పచ్చిదై ఉంటుంది. అప్పుడే కొట్టిన కర్ర బరువులో దాదాపు సగం నీరే ఉండవచ్చు. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా వచ్చేది పొగే.

అపోహ 3: మంట ఆరి కణికలే మిగిలాయి కాబట్టి కుంపటిని గదిలోకో గుడారంలోకో తెచ్చుకోవచ్చు.

వాస్తవం: ఈ జాబితాలో ప్రాణాలు తీసే నమ్మకాల్లో ఇదొకటి. పొగ లేని కణికల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అవీ తెలియవు. తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారి లేవకపోవడం ఏటా చలికాలంలో దేశంలో ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంది.

లంబసింగిలో గుడారం వేసుకున్నా, ఇంట్లో బాలింతకు వెచ్చదనం కావాలన్నా, కణికలు లోపలికి రాకూడదు. కిటికీ కొద్దిగా తీసి ఉంచితే చాలన్న ధీమా కూడా వద్దు. రగ్గులు, గొంగళ్లు, ఉన్ని టోపీలే లోపలికి.

అపోహ 4: ఏటి రాళ్లు గట్టివి, పొయ్యికి అవే మేలు.

వాస్తవం: నాగావళి, చంపావతి, గోస్తని ఒడ్డున వనభోజనాలకు వెళ్లినవాళ్లు నీటి అంచునున్న నున్నటి రాళ్లనే మూడు తెచ్చి పొయ్యి పెడతారు. చాలాకాలం నీళ్లలో నానిన రాయి సందుల్లోకి నీరు దిగి ఉంటుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది. బయటికి దారి లేనప్పుడు ఆ ఒత్తిడికి రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. వంట చేసేవాళ్ల ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. ఏటికి దూరంగా, గట్టు మీద ఏళ్లుగా ఎండలో ఉన్న రాళ్లో ఇటుకలో వాడాలి. పచ్చి వెదురు బొంగు కూడా ఇలాంటిదే. కణుపుల మధ్య బిగిసిన గాలి, తేమ వేడెక్కి పేలుతుంది. చీల్చి వేస్తే ఆ ప్రమాదం ఉండదు.

అపోహ 5: భోగి మంటలో పాతది ఏది వేసినా మంచిదే.

వాస్తవం: పాత కట్టె, విరిగిన నాగలి, పిడకల దండ వేసుకునే రోజుల్లో పుట్టిన ఆచారమిది. ఇప్పుడు మన ఇళ్లలో పాతబడేవి ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, రెగ్జిన్ సోఫాలు, రంగు వేసిన తలుపులు, ప్లైవుడ్. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వెలువడతాయి. ప్లైవుడ్ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్, పాత రంగుల నుంచి సీసం రావచ్చు. జనవరి తెల్లవారుజామున నేల దగ్గరి చల్లటి గాలి పైకి లేవదు. పొగంతా మన ముక్కుల ఎత్తులోనే నిలిచిపోతుంది. 2018 భోగి నాడు చెన్నైలో పొగ, మంచు కలిసి విమానాల రాకపోకలే దెబ్బతిన్నాయి.

2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. కొద్దిపాటి చెత్తకు 5,000, పెద్ద మొత్తానికి 25,000 రూపాయలు పరిహారంగా నిర్ణయించింది.

పిడకల పొగ గాలిని శుద్ధి చేస్తుందనీ, ఆక్సిజన్ ఇస్తుందనీ చెప్పే మాట కూడా నిలవదు. మండే ప్రతిదీ ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. పిడకల పొగలో ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నటి కణాలు దండిగా ఉంటాయి. పిల్లలు గుచ్చిన దండ మంటలో వేయడం మన పండుగ, అది మానక్కర్లేదు. ఆస్తమా ఉన్నవాళ్లను, చంటిపిల్లలను, గర్భిణులను పొగకు ఎదురుగా నిలబెట్టకపోతే చాలు.

అపోహ 6: కట్టె ఏదైనా కట్టే.

వాస్తవం: మన తీరం పొడవునా పెరిగే సరుగుడు వంటచెరకుగా ఎంతో మేలైనది. గట్టిగా, ఎక్కువసేపు మండుతుంది. దీనికి భిన్నమైన సంగతి శ్రీకాకుళం జిల్లా పలాస, ఉద్దానం వైపు వాళ్లకు బాగా తెలుసు. జీడి పిక్క పైతొక్కలో చర్మాన్ని బొబ్బలెక్కించే ఘాటైన నూనె ఉంటుంది. పచ్చి పిక్కలను సరదాగా చలిమంటలో కాల్చితే ఆ నూనె చిమ్మి అంటుకుంటుంది. పొగ కళ్లను, గొంతును మండిస్తుంది. చుట్టూ పిల్లలు కూర్చున్న మంటలో జీడి పిక్కలు, వాటి తొక్కు వేయకూడదు. గన్నేరు కొమ్మలు అసలే వద్దు. ఆ మొక్కలో ప్రతి భాగమూ విషమే. దాని పుల్లతో ఏదీ గుచ్చి కాల్చుకోకూడదు.

అపోహ 7: మంట ఎంత పెద్దదైతే అంత వెచ్చదనం.

వాస్తవం: పెద్ద మంట మనల్ని దూరం నెడుతుంది. దూరం జరిగేకొద్దీ ఒంటికి తగిలే వేడి వేగంగా తగ్గిపోతుంది. మోకాలెత్తు మంట చుట్టూ దగ్గరగా కూర్చున్నవాళ్లకే హాయిగా ఉంటుంది. పైగా మంట పెరిగితే రవ్వలు ఎత్తుకు లేస్తాయి. సంక్రాంతి నాటికి మన ఊళ్లలో వరి కోతలై, కళ్లాల్లో కుప్పలు, ఇళ్ల పక్కన గడ్డిమేటలు ఉంటాయి. తాటాకు పాకలు ఇంకా ఉన్నాయి. వీధిలో నడినెత్తిన కరెంటు తీగలు ఉంటాయి. తారురోడ్డు మీద వేస్తే రోడ్డు పాడవుతుంది.

చుట్టూ పది అడుగుల మేర ఎండుటాకులు, గడ్డి లేకుండా ఊడ్చిన మట్టి నేల మంటకు సరైన చోటు. గుడారానికి, పొదలకు కనీసం 15 అడుగుల దూరం ఉండాలి. గడ్డిమేట, పూరిపాక ఉన్న వైపు గాలి వీస్తుంటే ఎంత దూరమైనా అక్కడ మంట వద్దు. తీరంలో ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. సాయంత్రం గాలి సముద్రం నుంచి ఒడ్డుకు వీస్తే, రాత్రి ముదిరాక ఒడ్డు నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. వెలిగించినప్పటి గాలిని చూసి తెల్లారేదాకా నిశ్చింతగా ఉండకూడదు.

అపోహ 8: మంట ఉంటే పాములు, జంతువులు దగ్గరికి రావు.

వాస్తవం: పాము మంటకు భయపడి పారిపోతుందని నమ్మి నిద్రపోకూడదు. చలికాలంలో అది కట్టెల మోపు కిందే తలదాచుకుంటుంది. తేళ్లూ అక్కడే. మోపులో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి, కర్రతో కదిపి చూడాలి. ఉద్దానం తోటల్లో తిరిగే ఎలుగుబంటికి మంటకంటే మనం పారేసిన తిండి వాసనే ముందు అందుతుంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు పార్వతీపురం మన్యం జిల్లాలో కొమరాడ, కురుపాం, గరుగుబిల్లి ప్రాంతాల్లో ఏళ్లుగా తిరుగుతున్నాయి. వాటిమీదికి కాగడాలు విసిరితే బెదిరి మనుషులమీదికే రావచ్చు. ఏనుగు కనిపిస్తే దూరం జరిగి అటవీ సిబ్బందికి చెప్పడమే రక్షణ.

అపోహ 9: ఆకులు కాలిస్తే అడవికి మేలు, కొత్త చిగురు వస్తుంది.

వాస్తవం: తూర్పు కనుమల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా నేలంతా ఎండుటాకే. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద పెట్టిన నిప్పు, పోడు కోసం పెట్టిన నిప్పు, దారిలో పారేసిన బీడీ ముక్క, ఆర్పకుండా వదిలిన వంట పొయ్యి కొండంతా పాకుతాయి. మన దేశంలో అడవి మంటల్లో అత్యధికం మనుషుల చేతి నుంచే మొదలవుతాయి. కాలిన చోట కనిపించే పచ్చటి గడ్డి వెనక మాడిపోయిన చిన్న మొక్కలు, విత్తనాలు, పక్షి గూళ్లు, వానకు కొట్టుకుపోయే పైమట్టి ఉన్నాయి. రిజర్వు అడవికి నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. ఇప్పచెట్టు కింద ఆకులు ఊడ్చి, పాత చీరో వలో పరిచినా పువ్వు శుభ్రంగానే దొరుకుతుంది.

అపోహ 10: నూలు బట్టలకు భయం లేదు. కాలితే పేస్టు రాస్తే చాలు.

వాస్తవం: వదులుగా వేలాడే నూలు చీర కొంగు, చున్నీ క్షణాల్లో అంటుకుంటాయి. పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. మంట దగ్గర కొంగు దోపుకోవాలి, చున్నీ ముడి వేసుకోవాలి. బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగు మంటకు గాలినిస్తుంది. చేతులతో ముఖం కప్పుకుని నేలమీద పడి దొర్లాలి. పక్కవాళ్లు గొంగళి కప్పాలి.

కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, పసుపు, మంచుగడ్డ ఏదీ పెట్టకూడదు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేసి, 20 నిమిషాలపాటు చల్లటి మంచినీటి ధార కింద ఉంచాలి. శుభ్రమైన బట్ట వదులుగా కప్పాలి. బొబ్బలు చిదమకూడదు. ముఖం, చేతులు, మర్మావయవాలు కాలినా, చిన్నపిల్లలకు కాలినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. మంట అదుపు తప్పితే 101 లేదా 112.

చివరగా ఒక విన్నపం. ఈ భోగికి మీ వీధిలో మంట వేసేముందు రెండు బిందెల నీళ్లు, ఒక బకెట్టు ఇసుక, ఒక పార పక్కన పెట్టండి. రవ్వ ఎగిరి పడితే ఇసుక, చివర ఆర్పడానికి నీళ్లు. మద్యం తాగని పెద్దమనిషి ఒకరిని కాపలాకు ఒప్పించండి. మంట దగ్గర పిల్లలను ఒంటరిగా వదలకండి. అందరూ స్నానాలకు వెళ్లిపోయాక ఇద్దరు ఆగి, బూడిద తడిపి, కలియబెట్టి, చేత్తో చూసి వెళ్లండి. ఆ పావుగంట పనితో మీ వీధి గడ్డిమేట, పక్కింటి పాక, మీ పిల్లల కాళ్లు మూడూ క్షేమంగా ఉంటాయి.