పెద్దల డైపర్లలో మేలైనది ఏది?

మూత్రము నిలుపుకొనలేని పెద్దలు పలువురు, నలుగురిలో తడిసిపోవుదుమను భయముతో మంచినీళ్లు త్రాగుట తగ్గింతురు; పెండ్లిండ్లకు పోవుట మానుదురు. వారికొరకు బేగంబజారు టోకు అంగళ్లలో డైపర్ల కట్టలు బేరమాడునపుడు మనము ధరనేగాని లోపలి సరకును విచారింపము.

లోపలి దూదిగుజ్జులో సోడియం పాలీఆక్రిలేట్ పలుకులుండును. అవి తడిని పీల్చి ముద్దగా మారి, పైన కూర్చున్నను సులభముగా వదలవు. మంచినీటినైతే తమ బరువునకు వందలరెట్లు పీల్చు ఈ పలుకులు, లవణములు గల మూత్రమును కొన్ని పదులరెట్లు మాత్రమే పీల్చగలవు. కావున గ్లాసెడు మంచినీళ్లు పోసి చూపు పరీక్ష మోసకరము. లీటరునకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీరు పోసి, 10 నిమిషముల తరువాత పొడికాగితమును అదిమి చూచినచో రెండు రకముల తారతమ్యము తెలియును.

అధికముగా పీల్చునదే సుఖకరమనుకొనరాదు. రాత్రికి మందపుదే మేలు. పగలు, అందునా హైదరాబాదు వేసవిలో, గాలి చొరని ప్లాస్టిక్ పైపొర చెమటను నిలిపి చర్మమును నానజేయును. నడచువారికి లాగువలె తొడుగునవి, మంచము పట్టినవారికి ప్రక్కల అంటించునవి అనువు. తుంటి కొలత తీసికొననిదే కొనరాదని మా అభిప్రాయము. వదులైనచో ఎంత పీల్చునదైనను తొడలవద్ద కారును.