ప్లేస్కూల్‌కి వెళ్తే ముందు బాత్రూమ్ చూడండి

జూన్ దగ్గరపడుతోందంటే రెండున్నర, మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. ఏ ప్లేస్కూల్లో వేద్దాం? ఈపాటికి మీరూ రెండు మూడు చూసొచ్చి ఉంటారు. గోడల నిండా కార్టూన్ బొమ్మలు, పచ్చటి కార్పెట్, ఏసీ గది, చేతిలో ఫీజు కాగితం. అక్కడ చెప్పిందంతా బాగానే ఉంటుంది. తీరా చేర్చిన నెలకి బిడ్డ వ్యాన్ దిగీ దిగగానే బాత్రూమ్‌కి పరుగెత్తుతుంటే, నాలుగు రోజులకోసారి ఏడుస్తూ విరేచనానికి వెళ్తుంటే అప్పుడు అనుమానం మొదలవుతుంది.

చాలామంది తల్లులు చెప్పే అనుభవమే ఇది. కొత్త చోట, నేల తడితడిగా ఉన్న చోట, ఎత్తైన కమోడ్ మీద కాళ్లు వేలాడుతుంటే పిల్లలు వెళ్లరు. ఆపుకొంటారు. దాంతో మలం గట్టిపడుతుంది, వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పికి భయపడి మళ్లీ ఆపుకొంటారు. మూత్రమూ అంతే. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే తగ్గించే పిల్లలున్నారు. ఇలాంటి వాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. కాబట్టి క్లాస్‌రూమ్ కన్నా ముందు బాత్రూమ్ చూపించమనండి. చిన్న సీటు గానీ, కాళ్ల కింద పీట గానీ ఉందా? సబ్బు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉందా? పిల్లల్ని కడిగేది ఎవరు, ఆ ఆయా సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారు? బాత్రూమ్‌కి తీసుకెళ్లేటప్పుడు బయటివాళ్లెవరూ రాకుండా ఏం జాగ్రత్త పడతారు? మొహమాటం వద్దు. ‘ఇప్పుడు క్లీనింగ్ జరుగుతోంది మేడమ్, తర్వాత రండి’ అని రెండోసారి కూడా అంటే ఆ బడి గురించి ఇంక ఆలోచించక్కర్లేదు.

వానలు మొదలయ్యాక ప్లేస్కూళ్లలో తరచూ వినిపించే పేరు హ్యాండ్ ఫుట్ మౌత్. నోట్లో పుండ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు, జ్వరం. ఎక్కువమందికి వారం, పది రోజుల్లో తగ్గిపోతుంది. అయితే తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు మలంలో వైరస్ బయటికి వస్తూనే ఉంటుంది. అందుకే పిల్లల్ని కడిగాక, డైపర్ మార్చాక ఆయా సబ్బుతో చేతులు కడుక్కోవడం అంత ముఖ్యం. శానిటైజర్ ఈ వైరస్ మీద అంతగా పనిచేయదు. ‘జ్వరం వచ్చిన పిల్లల విషయంలో మీ పద్ధతేంటి?’ అని అడగండి. వెంటనే ఫోన్ చేస్తాం, అందాకా వేరే గదిలో పడుకోబెడతాం, తగ్గేదాకా పంపొద్దంటాం అని తడుముకోకుండా చెప్పాలి. చెప్పాక మీరూ పాటించాలి మరి! పొద్దున్నే పారాసిటమాల్ వేసి జ్వరం బిడ్డను క్లాసులో దింపి ఆఫీసుకి వెళ్లిపోయేవాళ్లు మనలోనే ఉన్నారు.

అలాగని ప్రతి తుమ్ముకీ బడిని తప్పుపట్టకండి. ఈ వయసులో ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. బడిలో కొత్తగా చేరిన పిల్లల్లో ఇంకొంచెం ఎక్కువే ఉండొచ్చు. ఆయాసం వచ్చినా, నీళ్లు తాగకుండా మగతగా ఉన్నా, జ్వరం మూడు రోజులు దాటినా మాత్రం డాక్టరుకు చూపించాలి.

ఇక తలల లెక్క. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలైతే ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. మూడేళ్లలోపు వాళ్లయితే పది మందికే ఒకరు. కాగితం మీద లెక్క కాదు, గదిలో నిలబడి మీరే లెక్కపెట్టండి. స్నాక్స్ తినే వేళకి వెళ్తే ఇంకా మంచిది. పల్లీలు, ద్రాక్షపళ్లు ఈ వయసు పిల్లల గొంతుకు అడ్డం పడతాయి. పక్కన కూర్చుని చూసేవాళ్లు ఉన్నారో లేదో అప్పుడే తెలుస్తుంది.

రాత గురించి ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు అడుగుతూనే ఉంటారు. ఆరేళ్లలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే అక్కర్లేదని 2022 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పిందని వాళ్లకు చెప్పండి. రైమ్స్ పేరుతో టీవీ ముందు కూర్చోబెట్టే బడి అయితే మాత్రం గట్టిగా అడగాల్సిందే. ఈ వయసులో రోజు మొత్తం మీద స్క్రీన్ గంటకు మించొద్దంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇంట్లో అన్నం తినిపించేటప్పుడు మీరిచ్చే ఫోనూ అందులోకే వస్తుంది.

మొదటి రెండు వారాలు గేటు దగ్గర ఏడవడం సహజం. నెల దాటినా ఏడుపు తగ్గకపోయినా, మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలైనా, ఫలానా ఆంటీ అనగానే బిగుసుకుపోతున్నా తేలిగ్గా తీసుకోకండి. ‘ఎవరైనా కొట్టారా?’ అని గుచ్చి గుచ్చి అడిగితే పిల్లలు మీరు కోరిన జవాబే చెబుతారు. దానికి బదులు సాయంత్రం ఇంట్లో స్కూల్ ఆట ఆడండి. బిడ్డ టీచరు, మీరూ బొమ్మలూ పిల్లలు. ఒక బొమ్మ అమ్మ కావాలని ఏడుస్తోందని చెప్పి, టీచరమ్మ ఏం చేస్తుందో, ఏ మాటలంటుందో చూడండి.