కార్బురేటర్: ఇంజిన్ ఊపిరికి కొలత

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువుల్లో చెబితే కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. పెట్రోలు ఎక్కువైతే సైలెన్సర్లోంచి నల్లపొగ, తక్కువైతే ఇంజిన్ వేడెక్కడం, మిస్ కొట్టడం. ఇప్పటి కార్లలో ఈ లెక్క చూసుకోవడానికి ఒక చిన్న కంప్యూటరు, ఆక్సిజన్ సెన్సరు, ఇంజెక్టర్లు ఉన్నాయి. అంతకు ముందు, దాదాపు వంద సంవత్సరాల పాటు, ఈ బాధ్యతంతా రెండు చేతుల మధ్య ఇమిడే ఒక లోహపు పరికరమే మోసింది. దానికి కరెంటు అక్కర్లేదు. లోపల ఉన్నవల్లా ఒక గాలి దారి, ఒక ఫ్లోటు, వెంట్రుక దూరేంత సన్నటివాటి నుంచి గుండుసూది దూరేంతవాటి వరకూ కొన్ని రంధ్రాలు.

అంబాసిడర్, ఫియట్, పాత మారుతీ 800 లాంటి బండ్లను ఇంకా ఇష్టంగా నడుపుకుంటున్నవాళ్లకు ఏదో ఒకరోజు ఒక ప్రశ్న ఎదురవుతుంది. పాత కార్బురేటర్‌కే మళ్లీ రిపేరు చేయించాలా, కొత్తది వేయించాలా? వేయిస్తే ఏ సైజుది? జవాబు కావాలంటే ఈ పరికరం ఎలా పుట్టి ఎలా ఎదిగిందో కొంత తెలియాలి. దాని లోపలి ప్రతి భాగమూ ఎప్పుడో ఎవరినో వేధించిన ఒక చిక్కుకు పరిష్కారంగా వచ్చినదే.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలో కార్బురేటర్ అంటే ఒక ఇంధనపు పాత్ర మాత్రమే. ద్రవం పైనుంచి గాలి పోతూ కాస్త ఆవిరిని వెంట తీసుకెళ్లేది. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు అదే తరహా బండిలో బయల్దేరింది. ఇంధనం అయిపోతే వీస్లోఖ్‌లోని మందుల షాపులో కొన్నది. ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసిందని చెబుతారు. పాత బండి నడిపేవాళ్లు ఇప్పటికీ రోడ్డు పక్కన ఆగి చేస్తున్న మరమ్మతు దాదాపు అదే.

ఆవిరి మీద ఆధారపడితే చలిలో ఒక రకంగా, ఎండలో ఇంకో రకంగా ఉంటుంది. అందుకని ద్రవాన్నే సన్నటి తుంపరలుగా చిమ్మాలన్న ఆలోచన వచ్చింది. 1893లో హంగరీలో బాంకి దొనాత్, చోంకా యానోష్ అలాంటి పరికరానికి పేటెంటు తీసుకున్నారు. పూలమ్మే అమ్మాయి గొట్టంతో నీళ్లు చిలకరించడం చూసి బాంకికి ఈ ఊహ తట్టిందని అక్కడ ఒక కథ ప్రచారంలో ఉంది. అదే కాలంలో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ కూడా పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోటు, పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రం (జెట్) ఉన్న కార్బురేటర్‌ను తయారు చేశాడు. వీళ్లంతా వాడుకున్న సూత్రం మాత్రం ఇటలీకి చెందిన జియోవన్నీ బత్తిస్తా వెంచూరి 1797లోనే రాసి పెట్టినది: ఇరుకు దారిలో ప్రవాహం వేగం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది. తుపాను గాలికి కోస్తా ఊళ్లలో ఇంటి పైరేకులు లేచిపోయేది కూడా ఇలా పైన పీడనం తగ్గడం వల్లే. కార్బురేటర్ గొంతు దగ్గర పీడనం తగ్గగానే ఫ్లోట్ చాంబర్లోని పెట్రోలు జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది.

కార్బురేటర్ పెట్రోలును లోపలికి నెట్టదు. ఇంజిన్ పీల్చిన గాలే దాన్ని లాక్కుంటుంది. ఎంపికకైనా, ట్యూనింగ్‌కైనా మూలసూత్రం ఇది.

అయితే ఇంజిన్ ఎప్పుడూ ఒకేలా పీల్చదు. అంబాసిడర్లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ ఇంజిన్ను తీసుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కనుక ఒక్కో చుట్టుకు సగం సామర్థ్యం, అంటే ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ గాలి లాగాలి. 4,400 ఆర్‌పీఎం దగ్గర, సిలిండర్లు 80 శాతం నిండుతాయనుకుంటే, నిమిషానికి సుమారు 2,600 లీటర్లు. ఐడ్లింగ్‌లో, గాలిని అదుపు చేసే థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు, అందులో ఇరవయ్యో వంతు కూడా సరిగా ఉండదు. గొంతు పెద్దదైతే ఐడ్లింగ్‌లో గాలి వేగం చాలక పెట్రోలు లేవదు. చిన్నదైతే స్పీడులో ఊపిరాడదు.

ఈ చిక్కును విప్పడానికి రెండు దారులు ఏర్పడ్డాయి.

మొదటిది ఇంగ్లండులో చెప్పుల వ్యాపార కుటుంబం నుంచి వచ్చింది. లిల్లీ అండ్ స్కిన్నర్ షాపుల కుటుంబానికి చెందిన జార్జ్ హెర్బర్ట్ స్కిన్నర్, తమ్ముడు థామస్ కార్లైల్ స్కిన్నర్‌తో కలిసి 1905లో ఒక పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఇంజిన్ ఎంత పీలిస్తే అంత మేరకు గొంతే తనంతట తాను పెద్దదయ్యే కార్బురేటర్ అది. మొదట్లో గొంతును తెరిచి మూసే భాగం తోలు తిత్తి. తరువాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది. పిస్టన్ అడుగున కోసుగా చెక్కిన సూది ఉంటుంది. పిస్టన్ లేచేకొద్దీ సూది సన్నటి భాగం జెట్‌లోకి వస్తుంది, పెట్రోలు దారి వెడల్పవుతుంది. స్కిన్నర్స్ యూనియన్ అన్న పేరులోని మొదటి అక్షరాలతో 1910లో ఎస్‌యూ కంపెనీ మొదలైంది. 1926లో మోరిస్ కార్ల యజమాని విలియం మోరిస్ దాన్ని కొన్నాడు. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ బానెట్ కింద ఉన్నదీ ఎస్‌యూనే.

రెండో దారి ఫ్రాన్సులో సోలెక్స్, ఇటలీలో ఎడోవార్డో వెబర్ 1923లో బొలోనాలో మొదలుపెట్టిన కంపెనీ లాంటివాళ్లది. ఇక్కడ గొంతు మారదు. బదులుగా ఒక్కో అవసరానికి ఒక్కో పెట్రోలు దారి: ఐడ్లింగ్‌కు ఒక జెట్, రోడ్డు మీద పరుగుకు మెయిన్ జెట్, ఒక్కసారిగా రేజ్ చేసినప్పుడు చిమ్మడానికి చిన్న పంపు. స్పీడు పెరిగేకొద్దీ మెయిన్ జెట్ అవసరానికి మించి పెట్రోలు ఇస్తుంది కనుక దానికి కొంచెం గాలి కలిపి పలచబరిచే ఎయిర్ కరెక్టర్ ఒకటి. ఫియట్‌లో, పద్మినిలో మెకానిక్‌లు ఏళ్ల తరబడి విప్పి బిగించిన సోలెక్స్ ఈ వంశానిదే.

ఫ్లోట్ చాంబర్ సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఒక యుద్ధంలో పైలట్ల ప్రాణాలు దాని మీద ఆధారపడ్డాయి. 1940లో బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాల మెర్లిన్ ఇంజిన్లకు ఎస్‌యూ కార్బురేటర్లే ఉండేవి. విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే చాంబర్లో పెట్రోలు పైకి ఎగిరి ఇంజిన్ దగ్గేది, ఆ వెంటనే అదుపు తప్పిన పెట్రోలు వరదలా వచ్చి ఆపేసేది. ఇంజెక్షన్ ఉన్న జర్మన్ విమానాలకు ఆ బాధ లేదు. ఫార్న్‌బరోలోని పరిశోధన కేంద్రంలో ఇంజినీరుగా పనిచేస్తున్న బియాట్రిస్ షిల్లింగ్ పరిష్కారం చూపించింది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 100 మైళ్లు దాటి మోటార్‌సైకిల్ నడిపిన మనిషి ఆమె. పెట్రోలు గొట్టంలో, ఇంజిన్ పూర్తి శక్తికి సరిగ్గా సరిపడా మాత్రమే ప్రవాహం ఇచ్చే రంధ్రమున్న చిన్న లోహపు బిళ్ల పెట్టించింది. 1941 మొదటి నెలల్లో తన బృందంతో విమానాశ్రయాలు తిరిగి వాటిని బిగించింది. విమానాన్ని కార్ఖానాకు తీసుకెళ్లనక్కర్లేదు, ఇంజిన్ మార్చనక్కర్లేదు. సరైన కొలత ఉన్న ఒక్క రంధ్రం ఎంత పని చేయగలదో ఇంతకంటే గొప్ప ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక కారు దగ్గరికి. కార్బురేటర్ ముసలిదయ్యేది ఎక్కువగా జెట్లలో కాదు, థ్రాటిల్ కడ్డీ దగ్గర. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆ కడ్డీ, దాన్ని పట్టే రంధ్రం అరిగిపోతాయి. ఆ సందులోంచి లెక్కలో లేని గాలి దూరుతుంది. ఐడ్లింగ్ ఎంత సర్దినా నిలవకపోతే, కడ్డీని వేళ్లతో పట్టి ఊపితే కదులుతుంటే, కారణం అదే. బుష్‌లు వేయగల పనివాడు ఉంటే పాతదాన్నే బాగుచేయించుకోవడం మేలు. బిగింపు ఎక్కువై ఫ్లాంజి వంగిపోయినా, బాడీ పగిలినా మార్చక తప్పదు.

మార్చేటప్పుడు చాలామందిని ఆకర్షించేది పెద్ద సైజు. దీనికి చరిత్రలోనే మంచి జవాబుంది. 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో కూడా అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీ-సిరీస్ ఇంజినే. అంబాసిడర్‌ది సుమారు 50 అశ్వశక్తి, ఎంజీఏది 70 దాకా. ఎంజీఏకు ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూలు రెండున్న మాట నిజమే. కానీ ఆ కార్లో కంప్రెషన్ ఎక్కువ, పొగ బయటికి పోయే దారి వేరు. కార్బురేటర్లు ఆ మార్పులన్నిటికీ సరిపడేలా వచ్చాయి. అవేవీ లేకుండా పాత ఇంజిన్ మీద పెద్ద గొంతు పెడితే గాలి వేగం పడిపోతుంది, పెట్రోలు సరిగా తుంపరవదు, ఊళ్లో తిరిగేటప్పుడు పికప్ చచ్చిపోతుంది, మైలేజీ కూడా పోతుంది. ఎస్‌యూ పేర్లలోనే సైజు దాగి ఉంటుంది: ఒక అంగుళానికి పైన ఎన్ని ఎనిమిదో వంతులున్నాయో ఆ అంకె చెబుతుంది. హెచ్‌ఎస్2 అంటే ఒకటింపావు, హెచ్‌ఎస్4 అంటే ఒకటిన్నర. కంపెనీ ఇచ్చిన సైజుకే కట్టుబడి ఉండటం రోజూ నడిపే బండికి శ్రేయస్కరం.

వేరే రకానికి మారాలనుకునేవాళ్లు విదేశాల్లో ఎక్కువగా ఎంచుకునేది వెబర్ 32/36. దానికి రెండు గొంతులు, 32 మిల్లీమీటర్లది ముందు తెరుచుకుంటుంది, 36ది యాక్సిలరేటర్ బాగా నొక్కాకే. కొనే ముందు చూడవలసినవి మాత్రం చిన్నచిన్నవే: మానిఫోల్డ్ మీద బోల్టులు కుదురుతాయా, బానెట్ మూసుకుంటుందా, డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టానికి సరైన చోట రంధ్రం ఉందా. చివరిది మరిచిపోతే మంచి కార్బురేటర్ వేశాక కూడా బండి మందకొడిగానే ఉంటుంది. కొత్త ఎలక్ట్రిక్ పంపు కూడా పెడితే దాని ప్రెషరు చూడాలి. ఈ వెబర్లకు మూడు పీఎస్‌ఐ చుట్టూ చాలు. మించితే ఫ్లోటు సూది ఆగలేక వేడి మానిఫోల్డ్ మీదికి పెట్రోలు కారుతుంది. అది మంటకు దారి.

ట్యూనింగ్ మొదలుపెట్టేది కార్బురేటర్‌తో కాదు. టాపెట్లు, ప్లగ్గులు, పాయింట్ల గ్యాప్, టైమింగ్, ఎయిర్ లీకులు ముందు సరిచూడాలి. ఇంజిన్ బాగా వేడెక్కాలి. ఫ్లోటు మట్టం కొలవాలి. ఈ వరస తప్పించి స్క్రూలు తిప్పేవాళ్లు ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పుతున్నారు.

ఎస్‌యూలో మిక్చర్ చూసే పద్ధతి సొగసైనది. ఐడ్లింగ్‌లో పిస్టన్‌ను అర మిల్లీమీటరు పైచిలుకు, ఒక మిల్లీమీటరు లోపు ఎత్తాలి. ఇంజిన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. ఆగిపోబోతే తక్కువ. క్షణం పాటు కొంచెం పెరిగి మళ్లీ కుదుటపడితే సరిగ్గా ఉన్నట్టు. పిస్టన్ పైనున్న డాష్‌పాట్‌లో పలచటి ఇంజిన్ ఆయిల్ ఉందో లేదో కూడా చూడాలి. అది లేకపోతే యాక్సిలరేటర్ నొక్కగానే పిస్టన్ ఎగిరిపోయి బండి ఒక్క క్షణం తడబడుతుంది. చాలామంది దీన్నే జెట్ లోపం అనుకుంటారు.

వెబర్‌లో మిక్చర్ స్క్రూ ఎక్కడ కుదిరిందన్నదే జెట్ సంగతి చెప్పేస్తుంది. పూర్తిగా మూసి, నిదానంగా విప్పుతూ ఇంజిన్ అత్యంత నునుపుగా నడిచే చోట ఆపాలి. అది ఒకటిన్నర చుట్టు దగ్గర ఉంటే ఐడిల్ జెట్ సరైనదే. రెండున్నర దాటితే జెట్ చిన్నది, అర చుట్టులోపే కుదిరితే పెద్దది. జెట్ల మీద అంకెలు మిల్లీమీటరులో నూరో వంతులు: 140 అంటే 1.40 మిల్లీమీటర్ల రంధ్రం. పిన్నీసుతో వాటిని పొడవకూడదు. ఇత్తడి మెత్తన, రంధ్రం ఒక్క గీతతో కొలత మారిపోతుంది. శుభ్రానికి ప్రెషర్ గాలి చాలు.

తరువాత పరీక్ష రోడ్డు మీదే. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కితే సుమారు 900 మీటర్ల ఎత్తుకు గాలి పలచబడుతుంది, కార్బురేటర్‌కు ఆ తేడా తెలియదు కనుక మిక్చర్ కొంచెం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. దానికని కిందే జెట్ తగ్గించి పెట్టుకుంటే తిరిగి దిగాక ఇంజిన్ వేడెక్కుతుంది. కృష్ణా, గుంటూరు ఎండల్లో ఇంకో సమస్య: బండి ఆపాక ఇంజిన్ వేడికి చాంబర్లో పెట్రోలు మరిగి, మళ్లీ స్టార్ట్ కాదు. కార్బురేటర్ కింద మందపాటి బేకలైట్ ప్యాకింగ్ ఉండాల్సిన కారణం అదే. రిపేర్లలో దాన్ని పారేసి పలచటి కాగితం గాస్కెట్ పెట్టిన బండ్లు ఎండాకాలం మొండికేస్తాయి.

మన దేశంలో 2000 ప్రాంతంలో మారుతీ 800 కూడా ఇంజెక్షన్‌కు మారింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 నిబంధనలతో మోటార్‌సైకిళ్లలోంచీ కార్బురేటర్ దాదాపుగా వెళ్లిపోయింది. ఉన్న పాత బండ్లకు మాత్రం ఒక కొత్త లెక్క వచ్చిపడింది: బంకుల్లో దొరికే, ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లో ముందే ఆక్సిజన్ ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. 20 శాతం కలిస్తే 14.7 కాస్తా సుమారు 13.5కు దిగుతుంది. ఇంజెక్షన్ కారు సెన్సరు చూసి సర్దుకుంటుంది. కార్బురేటర్ పాత రంధ్రంతోనే ఇస్తుంది, మిక్చర్ 8 శాతం దాకా లీన్ (పెట్రోలు తక్కువ) అవుతుంది. ప్రవాహం రంధ్రం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక వ్యాసం 4 శాతం పెంచాలి: మామూలు పెట్రోలు మీద 140 మెయిన్ జెట్ సరిగ్గా నడిచిన బండికి 145 వేసి చూడటం సమంజసం. ఎస్‌యూ అయితే జెట్ నట్ కొంచెం దింపడం, చాలకపోతే ఇంకొంచెం సన్నటి సూది. ప్లగ్గు రంగు మిక్చర్ సంగతిని ఈ ఇంధనంతో మునుపటంత స్పష్టంగా చెప్పదు. సైలెన్సర్ గొట్టంలో తాత్కాలికంగా ఆక్సిజన్ సెన్సరు పెట్టి చూసే అవకాశం ఉంటే గాలి-ఇంధనాల పాళ్లు చెప్పే లాంబ్డా అంకె చూడాలి, ఇంధనం ఏదైనా 1 అంటే సరిపోయినట్టే. ఇథనాల్‌కు పాత రబ్బరు మెత్తబడుతుంది, పగులుతుంది కూడా. కొత్త కార్బురేటర్ కొనేటప్పుడు ఫ్లోటు సూది కొనకు, డయాఫ్రమ్‌కు, పంపు నుంచి వచ్చే గొట్టాలకు ఇథనాల్‌ను తట్టుకునే పదార్థం వాడారో లేదో అడిగి, ఆ గొట్టాలను కార్బురేటర్‌తో పాటే మార్పించాలి.